పరిశోధనకు మన గొంతు: దగ్గు పట్టి పంపిన వారివలన ఏమి తేలినది

నూలు కొనబోయిన అనుభవశాలి చిలప చేతికి తీసికొని, రెండు పోగులు లాగి, ఒకటి త్రెంచి చూచి, నంబరు ఎంతయో, పురి గట్టిగా పడినదో లేదో చెప్పగలడు. వైద్యుడు రోగి ఛాతీమీద గొట్టము ఆనించి విని చెప్పునదియు ఇట్టి విద్యయే. 1816లో పారిస్ నగరమున లెనెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి ఒక కొన రోగి ఛాతీమీదను, రెండవ కొన తన చెవికిని ఆనించి విన్నాడు. నేడు ప్రతి వైద్యుని మెడలో కనిపించు స్టెతస్కోపు ఆ కాగితపు గొట్టము నుండి పుట్టినదే.

ఈ వినికిడి విద్యను యంత్రమునకు నేర్పవచ్చునా అను ప్రశ్న 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు అనేక దేశములలో ఒక్కసారిగా లేచినది. అందుకొరకు వేలాది సామాన్య జనులు తమ దగ్గును, ఊపిరిని, మాటను సెల్‌ఫోనులో పట్టి, పైసా పుచ్చుకొనక పరిశోధకులకు పంపినారు. వారిచ్చిన దానివలన ఏమి తేలినది, మరల ఇట్టి పిలుపు వచ్చిన యెడల మన నేతవారు ఏమి అడిగి, ఏమి ఇయ్యవలెను అను సంగతులను తెలియజేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఇది మనకు సంబంధించని సంగతి కాదు. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిపివేసిన నాడు షోలాపూరు, భివండీలలోని మరమగ్గములును, సేలం, బరంపురములలోని చేతిమగ్గములును ఒక్కటిగా ఆగినవి. మగ్గము ఆగిన నాడు కూలియు ఆగును. జలుబు చేసినవాడు తనకు వచ్చినది మామూలు పడిశమో, మహమ్మారియో తెలియక, పరీక్షకై వరుసలో నిలిచి, ఫలితమునకై దినములు లెక్కించవలసి వచ్చినది. అట్టి సమయమున “ఫోనులో ఒక్కసారి దగ్గిన చాలును, రోగమున్నదో లేదో చెప్పును” అను మాట వినవచ్చినచో ఎవరికి ఆశ కలుగదు? ఆ ఆశలో ఎంత నిజమున్నదో చూతము.

గొంతులో రోగము ఎట్లు తెలియును?

మాట పుట్టుటకు మూడు పనులు జరుగవలెను. ఊపిరితిత్తుల నుండి గాలి పైకి రావలెను. ఆ గాలికి గొంతులోని రెండు పొరలు అదరవలెను. ఆ అదురుపాటును నోరు, నాలుక, ముక్కు కలిసి ఒక రూపమునకు తేవలెను. ఈ పొరలు పురుషులలో సెకనునకు సుమారు 100 మొదలు 150 సార్లును, స్త్రీలలో సుమారు 200 సార్లును అదరును. ఊపిరితిత్తులలో నెమ్ము చేరినను, గొంతు వాచినను, ముక్కు మూసికొనిపోయినను ఈ అదురుపాటు మారును. దగ్గులో తడి ఉన్నదా, పొడిదా, ఊపిరి మధ్యలో తెగుచున్నదా అనునవి గూడ ధ్వనిలో కనబడును. మన చెవికి అందని సన్నని తేడాలను సైతము కంప్యూటరు కొలిచి అంకెలుగా వ్రాసికొనగలదు.

అయితే కంప్యూటరునకు పుట్టుకతో వచ్చిన తెలివి యేదియు లేదు. కొత్తగా మగ్గమెక్కిన కుర్రవానికి వంద తానులు చూపి “ఇది మంచి నేత, ఇది చెడ్డ నేత” అని చెప్పి నేర్పినట్లే, దానికిని రోగముగల వారి దగ్గులను, లేనివారి దగ్గులను వేలకొలది వినిపించి నేర్పవలెను. ఆ దగ్గులు ప్రజలు ఇచ్చిననే గాని రావు. గొంతు దానమనునది ఇందుకొరకే.

బెంగుళూరులో జరిగిన పని

మన దేశమున ఈ పనికి పూనుకొన్నవారిలో ముఖ్యులు బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారు. అచ్చటి ఆచార్యులు డాక్టర్ శ్రీరాం గణపతిగారును, వారి సహచరులును 2020 ఏప్రిల్‌లో “కోస్వారా” అను పేరుతో ధ్వనులను సేకరించుట మొదలుపెట్టినారు. ఇచ్చువారు తమ ఇంటనే యుండి, ఫోనులోగాని కంప్యూటరులోగాని తొమ్మిది విధముల ధ్వనులను పట్టి పంపవలెను. నెమ్మదిగా తీసిన ఊపిరి, గాఢముగా తీసిన ఊపిరి. తేలిక దగ్గు, గట్టి దగ్గు. మూడు అచ్చులను దీర్ఘముగా పలుకుట (మగ్గపు అచ్చు కాదు, అక్షరమాలలోని అచ్చే). ఒకటి నుండి ఇరువది వరకు అంకెలను మామూలుగా ఒకసారి, వేగముగా ఒకసారి చెప్పుట. వీటితోపాటు వయస్సు, స్త్రీయో పురుషుడో, ఉన్న లక్షణములు, పూర్వపు జబ్బులు మొదలగు వివరములను వ్రాయవలెను.

2022 ఫిబ్రవరి వరకు జరిగిన ఈ సేకరణలో 2,635 మంది తమ ధ్వనులను ఇచ్చినారు. వారిలో 1,819 మంది కోవిడ్ లేనివారు, 674 మంది ఉన్నవారు, 142 మంది వచ్చి కోలుకొన్నవారు. పేర్లు తీసివేసిన ఈ ధ్వనులను సంస్థవారు తమ పెట్టెలో దాచుకొనక, ఏ దేశపు పరిశోధకుడైనను వాడుకొనునట్లు బహిరంగముగా ఉంచినారు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వారు 2020లోనే మొదలుపెట్టిన ఇట్టి మరియొక సేకరణకు 36,116 మంది కలిసి 53,449 ధ్వనులను ఇచ్చినారు. ఏ ప్రభుత్వమును వీరిని బలవంతపెట్టలేదు. ఇంట కూర్చున్నవారు తోటివారికి తమచేతనైన సాయము ఇది యని ఇచ్చినదే.

మూట గుడ్డను చూచిన కుర్రవాడు

మొదటి ఫలితములు ఆశ్చర్యము గొలిపినవి. 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 5,320 మంది దగ్గులతో నేర్పిన తమ యంత్రము, పరీక్షలో రోగము తేలిన వారిలో నూటికి 98 మందికి పైగా పట్టినదనియు, లక్షణములు లేని రోగులనైతే అందరిని పట్టినదనియు ప్రకటించినారు. పత్రికలు ఆ వార్తను పెద్ద అక్షరములతో వేసినవి. పరీక్షల అవసరము తీరిపోయినదని పలువురు తలచినారు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. మన వృత్తిలోని ఉపమానముతో చెప్పుదము. ఒక కుర్రవానికి పక్కా రంగు బట్టను, నీట వేసిన రంగు పోవు బట్టను గుర్తుపట్టుట నేర్పవలెనని యజమాని కొన్ని మూటలు తెప్పించినాడు. పక్కా రంగు తానులన్నియు కాగితములో చుట్టి వచ్చినవి. రంగు పోవునవన్నియు గోనెలో వచ్చినవి. కుర్రవాడు నూటికి 98 సరిగా చెప్పినాడు. యజమాని సంతోషించినాడు. కాని కుర్రవాడు చూచినది రంగును కాదు, మూట గుడ్డను! మరునాడు రెండు రకములను ఒకే కాగితములో చుట్టి యిచ్చిన యెడల వాని విద్య ఏమగును?

దగ్గుల సేకరణలోను ఇట్లే జరుగుటకు వీలున్నది. రోగులందరు ఆసుపత్రిలో పట్టి యిచ్చి, ఆరోగ్యవంతులందరు ఇంట పట్టి యిచ్చినచో, యంత్రము ఆసుపత్రి గదిలోని శబ్దమును నేర్చుకొనవచ్చును. రోగులందరికి గట్టి జలుబుండి, ఆరోగ్యవంతులలో ఎవరికిని లేకున్నచో, అది కోవిడ్‌ను గాక జలుబును నేర్చుకొనవచ్చును.

ఈ సందేహమును తీర్చినది ఇంగ్లండులో జరిగిన పెద్ద పరిశోధన. అచ్చటి ప్రభుత్వ ఆరోగ్య రక్షణ సంస్థవారు 2021 మార్చి నుండి 2022 మార్చి వరకు 67,842 మంది నుండి దగ్గులు, నిట్టూర్పులు, చదివిన వాక్యములు సేకరించినారు. వారిలో 23,514 మందికి రోగమున్నట్లు పరీక్షలో తేలినది. ఇందులో ఎవరి మాటకు వారు చెప్పినది గాక, ప్రయోగశాల పరీక్ష ఫలితమే ప్రతి ధ్వనికి జతచేయబడినది. నిపుణులు దీనిని రెండు విధముల పరీక్షించి 2024లో ప్రచురించినారు.

మొదట ఉన్నవి ఉన్నట్లుగా ఇచ్చి చూచినప్పుడు యంత్రమునకు 0.846 మార్కులు వచ్చినవి. అనగా ఒక రోగిని, ఒక ఆరోగ్యవంతుని జతగా చూపినచో, ఇట్టి నూరు జతలలో సుమారు 85 జతలలో రోగినే రోగిగా ఎంచినదన్నమాట. నాణెము ఎగురవేసి చెప్పినను 50 సరిపోవును గదా. ఆపైన వయస్సు, స్త్రీపురుష భేదము, దగ్గు జ్వరము వంటి లక్షణములు సమానముగానున్న రోగిని, రోగి కానివానిని జతచేసి చూచినారు. అనగా రెండు బట్టలను ఒకే కాగితములో చుట్టినారు. అప్పుడు మార్కు 0.619కు, అనగా నూటికి 62కు, దిగిపోయినది. “నీకు దగ్గున్నదా, జ్వరమున్నదా, వాసన తెలియుచున్నదా” అని అడిగి తెలిసికొనుట కంటె ఈ యంత్రము మేలని చెప్పుటకు ఆధారము లేదని వారు తేల్చినారు.

అయితే ఆ 67,842 మంది ఇచ్చినది వృథాయైనదా? ఎంతమాత్రము కాదు. వారు లక్షణములను దాచక వ్రాసి, తమ పరీక్షా ఫలితమును కలుపుటకు సమ్మతించినందుననే ఈ లోపము బయటపడినది. లేనిచో ఆ యంత్రమును నమ్మి రోగులను పనిలోనికి, ఆరోగ్యవంతులను ఇంటికి పంపియుందురు. నేత సరిగా లేదని తెలుపు పరీక్ష, సరిగా ఉన్నదని తెలుపు పరీక్షకు విలువలో తీసిపోదు.

కూలివాని లెక్క

యంత్రము నిజముగా మంచిదేయైనను మరియొక లెక్కను మన కార్ఖానాదారులు, పెద్దలు మనస్సున ఉంచుకొనవలెను. వేయిమంది పనివారున్న పేటలో పదిమందికి రోగమున్నదనుకొందము. యంత్రము రోగులలో నూటికి 90 మందిని పట్టును. ఆరోగ్యవంతులలో నూటికి 10 మందిని తప్పుగా రోగులనును అనుకొందము. వినుటకు బాగుగనే యున్నది. కాని పదిమంది రోగులలో 9 మంది దొరకుదురు. మిగిలిన 990 మందిలో 99 మంది అన్యాయముగా పట్టుబడుదురు. మొత్తము 108 మందిని ఇంటికి పంపినచో, వారిలో నిజముగా రోగులు 9 మందియే. తక్కిన 99 మంది కూలి పోయినది. దొరకని ఆ ఒక్క రోగి మాత్రము మగ్గముల నడుమనే యున్నాడు.

కనుక ఇట్టి యంత్రము మాట తుది తీర్పు కారాదు. అది సందేహించిన వారిని అసలు పరీక్షకు పంపుటవరకే దానికి పని. దాని మాటపై ఎవరి కూలినైనను నిలుపుట న్యాయము కాదు. దాని మాట విని “నాకేమియు లేదు” అని దగ్గుచు తిరుగుటయు క్షేమము కాదు.

మన దగ్గు వేరు

నేతవారి విషయమున మరియొక ముఖ్యాంశము కలదు. 1700లో ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జిని వృత్తులవలన కలుగు రోగములను గూర్చి వ్రాసిన గ్రంథములో, జనపనార, అవిసెనార చిక్కు తీయువారికి దుమ్మువలన కలుగు దగ్గును చెప్పినాడు. పత్తి దుమ్మువలనను ఇట్టి రోగమే కలుగును. దానిని వైద్యులు బిసినోసిస్ అందురు. వారపు సెలవు తరువాత పనిలోనికి వచ్చిన మొదటి దినమున ఛాతీ బిగబట్టినట్లుండుట దీని గుర్తు. దూది ఏకుచోట, వడుకుచోట ఇది ఎక్కువ. నూలు దుమ్ము లేచు నేతశాలలోను దగ్గు, ఆయాసము కలుగుట మనకు తెలియనిది కాదు. బీడీ, పొగాకు అలవాటున్నచో చెప్పనక్కరలేదు.

ఇప్పుడు ఆలోచించవలెను. యంత్రమునకు నేర్పిన దగ్గులలో నేతగాని దగ్గు ఒక్కటియు లేనియెడల, అది మన దుమ్ము దగ్గును విని ఏమనుకొనును? మహమ్మారి యనవచ్చును, క్షయ యనవచ్చును. ఫోనున్నవారు, చదువుకొన్నవారు, తీరిక యున్నవారు మాత్రమే ధ్వనులిచ్చినచో, యంత్రము వారి ఊపిరినే ఆరోగ్యమునకు కొలబద్దగా పెట్టుకొనును. గజము బద్ద ఒకరిది, కొలత మరియొకరిది అయినట్లగును. అందుచేత మన వంటి వృత్తులవారు పరిశోధనలలో చేరుట దాన గుణము మాత్రమే కాదు, స్వరక్షణ గూడ. చేరినపుడు “వృత్తి నేత, ఇన్ని సంవత్సరములుగా” అని తప్పక వ్రాయించవలెను.

కోవిడ్ విషయమున అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించినది. కాని గొంతు పరిశోధన ముగియలేదు. క్షయరోగమును దగ్గునుబట్టి గుర్తించుటకై భారతదేశముతో సహా ఏడు దేశములలో రెండు వేలమందికి పైగా ఇచ్చిన దగ్గులపై 2022లో పరిశోధకులకు ఒక పోటీ గూడ జరిగినది. క్షయ మన పేటలకు కొత్త కాదు గనుక, ఇట్టి పిలుపు ఎప్పుడైనను మన గుమ్మమునకు రావచ్చును.

ఇచ్చుటకు ముందు అడుగవలసినవి

పేరు తీసివేసినను గొంతు గొంతే. చీకటిలో పిలిచినను తల్లి బిడ్డను గుర్తుపట్టును. కనుక గొంతు ఇచ్చుట అనగా గుర్తుపట్టదగిన వస్తువును ఇచ్చుటయే. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమములనుబట్టి, మనుష్యులపై జరుగు వైద్య పరిశోధనకు నీతి సంఘము ఆమోదముండవలెను. పాల్గొనువానికి అర్థమగు భాషలో వివరించి సమ్మతి పొందవలెను. అతడు ఎప్పుడైనను, కారణము చెప్పకయే, తప్పుకొనవచ్చును. తప్పుకొన్నందున అతని వైద్యమునకు లోపము రాకూడదు.

ఇది గాక, 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి కోరు పత్రమును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనగాని చదువుకొను అవకాశమును కల్పించవలెనని చెప్పుచున్నది. తెలుగు ఆ షెడ్యూలులోనిదే. కనుక షోలాపూరులో నున్నను, సేలంలో నున్నను, బరంపురములో నున్నను, “నాకు తెలుగులో ఇయ్యుడు” అని అడుగుట గొంతెమ్మ కోరిక కాదు. పరిశోధనలకు ఆ చట్టము కొన్ని మినహాయింపులు ఇచ్చినది గనుక, కేవలము చట్టమును నమ్ముకొని యుండక ఈ ప్రశ్నలను ముందే అడుగుట మంచిది:

1. ఈ సేకరణ చేయుచున్న సంస్థ ఏది? నీతి సంఘము ఆమోదపత్రము చూపగలరా?
2. నా గొంతును ఏ పనికి వాడుదురు? వేరొక పనికి వాడదలచిన మరల అడుగుదురా?
3. ఎన్నాళ్లు దాచుదురు? ఇతరులకు ఇత్తురా, అమ్ముదురా?
4. నేను వద్దన్నచో తుడిచివేయుదురా? బహిరంగముగా పెట్టిన పిమ్మట అది సాధ్యమగునా?
5. ఫలితము నాకు చెప్పుదురా? నా యజమానికి చెప్పుదురా?

అయిదవ ప్రశ్నకు “యజమానికి చెప్పుదుము” అని జవాబు వచ్చినచో అది పరిశోధన కాదు, కాపలా. దానికి సమ్మతింప పనిలేదు. పేరు, బ్యాంకు ఖాతా, ఆధారు నంబరు, ఫోనుకు వచ్చు రహస్య సంఖ్య అడుగువారికి గొంతే కాదు, మాట కూడ ఇయ్యరాదు. దగ్గు వినుటకు బ్యాంకు ఖాతాతో పనియేమి?

ఇచ్చినపుడు సరిగా ఇచ్చుట

ఇయ్యదలచినవారు పడుగు చేసినంత శ్రద్ధతో ఇయ్యవలెను. మగ్గములు నడుచుచున్న చోట పట్టరాదు. నాడె చప్పుడు, సాంచాల మోత ఊపిరిని మ్రింగివేయును. తలుపు వేసి, పంకా ఆపి, ఫోనును నోటికి జానెడు దూరమున ఉంచవలెను. దగ్గునపుడు దగ్గర ఎవరును ఉండరాదు. పిమ్మట ఫోనును తుడవవలెను. ఒకరి బదులు మరియొకరు దగ్గరాదు. లేని దగ్గును ఉన్నదని, ఉన్న జ్వరమును లేదని వ్రాయరాదు. పడుగులో ఒక్క పోగు తప్పు ఎక్కినచో తాను పొడవునను ఆ తప్పు కనబడునట్లు, ఒక్కరి అబద్ధము యంత్రము నేర్చిన పాఠమంతటిలోను ఉండిపోవును.

ఒక్క మాట మాత్రము ఎవరును మరువరాదు. పరిశోధనకు దగ్గు ఇచ్చుట వైద్యము చేయించుకొనుట కాదు. రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో ఫోనును నమ్మక ప్రభుత్వ ఆసుపత్రికి పోయి కఫము పరీక్ష చేయించుకొనవలెను. క్షయ పరీక్షయు, మందులును అచ్చట ఉచితము. కఫములో రక్తము కనబడినను, సాయంత్రపు జ్వరము, బరువు తగ్గుట ఉన్నను రెండు వారములు గూడ ఆగనవసరము లేదు.

మన సంఘముల కార్యవర్గములవారు ఈ విషయమున కొంత పూనుకొనవలెను. పరిశోధకులు వచ్చినపుడు ఒక్కొక్క ఇంటికి విడివిడిగా పోనీయక, సంఘము ఆవరణలో పిలిపించి, తెలుగు చదువగలిగిన ఇద్దరిచేత సమ్మతి పత్రమును బిగ్గరగా చదివించి, అందరి ప్రశ్నలకు జవాబులు చెప్పించి, పిమ్మట ఎవరి ఇష్టము వారికి విడిచిపెట్టవలెను. ఇచ్చినవారిని మెచ్చుకొనవచ్చును, ఇయ్యనివారిని నిందింపరాదు. పరిశోధన ముగిసినపుడు ఏమి తేలినదో వచ్చి చెప్పవలెనని గూడ ముందే మాట తీసికొనవలెను. నూలు ఇచ్చినవాడు నేసిన బట్టను చూడగోరుట సహజమే గదా.